రంగం ఓడ ఆగిన ఊరు: గోపాల్‌పూర్ రేవు నుంచి రిసార్టు దాకా

దసరా సెలవుల్లో గోపాల్‌పూర్ బీచ్‌లో బెంగాలీ, ఒడియా, తెలుగు మూడూ కలగలిసి వినిపిస్తాయి. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే బరంపురం, అక్కడి నుంచి సముద్రం వైపు పదిహేను కిలోమీటర్లకు కాస్త ఎక్కువ దూరంలో ఈ ఊరు. 2011 లెక్కల్లో జనాభా 7 వేల చిల్లర. ఒక లైట్‌హౌస్, ఒక ఖరీదైన పాత హోటల్, వరసగా లాడ్జీలు, వేయించిన చేపలూ రొయ్యలూ అమ్మే బండ్లు. ప్రశాంతమైన తీరం అని టూరిజం బ్రోషర్లు రాస్తాయి. ఆ ప్రశాంతత ఈ ఊరికి అలవాటైనదేం కాదు. వందేళ్ల కిందట ఇదే ఇసుక మీద ధాన్యం బస్తాలు, తోళ్ల కట్టలు, ట్రంకుపెట్టెలు పట్టుకున్న కూలీలు, వాళ్లను లెక్కపెట్టే మేస్త్రీలు కిటకిటలాడేవారు. బర్మా వెళ్లే స్టీమరు, అంటే రంగం (రంగూన్) ఓడ, ఎప్పుడొస్తుందా అని అందరూ సముద్రం వైపే చూస్తూ కూర్చునేవారు.

గోపాల్‌పూర్ గురించి చెప్పేవాళ్లంతా సాధారణంగా ఒకే వరసలో చెబుతారు: ముందు రేవు ఉండేది, రేవు మూతపడింది, తర్వాత టూరిజం వచ్చింది. వినడానికి బాగుంటుంది కానీ తేదీలు ఒప్పుకోవు. సముద్రం ఒడ్డున పామ్ బీచ్ హోటల్ మొదలైంది 1914లో. బర్మా ప్రయాణాలు జోరు మీదున్న కాలం అది. రేవు నీడలోనే రిసార్టు పుట్టింది, రేవు డబ్బుతోనే పెరిగింది. తర్వాత రేవు పోయి అది ఒంటరిగా మిగిలింది. ఈ వరస సరిగ్గా పెట్టుకుంటే గోపాల్‌పూర్ ఇప్పుడు ఎందుకిలా ఉందో చాలావరకు అర్థమవుతుంది.

రేవుకు పనికిరాని తీరంలో రేవు

గోపాల్‌పూర్ ఉన్న గంజాం జిల్లా తీరానికి ఓడల పరిచయం చాలా పాతది. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ ‘పలూరా’ అనే చోటు గురించి రాశాడు. అంతవరకు ఒడ్డును పట్టుకుని వచ్చిన ఓడలు ఆ ప్రాంతం నుంచే నేరుగా సముద్రానికి అడ్డంపడి ఆగ్నేయాసియా వైపు వెళ్లేవట. అది చిలికా సరస్సు దక్షిణపు కొసన, గంజాంకు దగ్గర్లో ఉన్న పాలూరేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఈస్టిండియా కంపెనీ వచ్చాక రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట, గంజాం పట్నంలో 1768లో కోట కట్టుకుంది. జిల్లా పాలన, వర్తకం రెండూ అక్కడే. 1815లో మొదలైన విషజ్వరాలు ఆ పట్నాన్ని తుడిచిపెట్టేశాయి. అధికారులు ఊరు వదిలి బరంపురం, ఛత్రపురం వైపు మకాం మార్చారు. బరంపురం పెరిగినకొద్దీ దానికి దగ్గరున్న సముద్రపు ఒడ్డుకు గిరాకీ వచ్చింది. మన్సూర్‌కోట అనే పాత రేవు ఉన్న తావులో, గోపాలకృష్ణుడి గుడి పేరు మీద ఎదిగిన జాలరి పల్లె అలా జిల్లాకు ముఖ్యమైన రేవు అయింది.

నిజానికి ఓడలకు ఇంతకన్నా చెడ్డచోటు వెతకడం కష్టం. తీరం గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఓడ దాక్కోవడానికి ఓ వంపు లేదు, కొండ అడ్డు లేదు, లోతైన నదీముఖం లేదు. అలలు ఒడ్డుకు చాలా ముందే విరగడం మొదలుపెట్టి వరసలు వరసలుగా వచ్చి పడతాయి. కాబట్టి ఓడలు దూరంగా, అల విరగని చోట లంగరు వేసి నిలబడేవి. ఓడకూ ఒడ్డుకూ మధ్య ఉన్న ఆ నురగ పట్టీని దాటించడమే ఈ రేవులో అసలు పని. దాన్ని చేసింది మసూలా పడవలు.

ఈ పడవలో మేకు ఉండదు. పలకలకు బెజ్జాలు వేసి కొబ్బరి తాడుతో ఒకదానికొకటి కుట్టేవారు. సందుల్లో గడ్డి, పీచు కూరేవారు. మేకులు కొట్టి బిగించిన పడవ అలకు ఇసుక మీద పడితే పలక పగులుతుంది, కుట్టిన పడవ వంగి ఊరుకుంటుంది. నీళ్లు మాత్రం కారుతూనే ఉంటాయి, అందుకే తోడిపోయడానికి ఒక మనిషి ప్రత్యేకంగా ఉండేవాడు. వెనక నిలబడి పొడవాటి తెడ్డుతో దారి పట్టేవాడి మాటే శాసనం. పెద్ద అల పోయాక వచ్చే చిన్న సందు చూసి వాడు కేక వేస్తే అందరూ ఒక్కసారిగా తెడ్లు వేయాలి. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే పడవ అడ్డం తిరిగి బోల్తా కొట్టేది. దొరలనూ దొరసానులనూ కాళ్లు తడవకుండా భుజాల మీద ఎత్తుకుని పడవ ఎక్కించేవారు. కూలీలు నడుంలోతు నీళ్లలో నడిచి ఎక్కేవారు.

పడవ నడిపినవాళ్లు తెలుగువాళ్లు. ఒడియాలు వాళ్లను నోలియాలంటారు. వాళ్లు మాత్రం వాడబలిజలమనో జాలరులమనో చెప్పుకుంటారు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. విశాఖ, శ్రీకాకుళం తీరాల నుంచి చేపల వెంట ఉత్తరానికి పాకుతూ వెళ్లిన కుటుంబాలివి. పూరీలో వీళ్ల పెద్ద వాడ పేరు పెంటకోట. ఆ పేరున్న ఊరు మన పాయకరావుపేట దగ్గర తీరంలో ఉంది. ఒడియా నేలలో బాగా లోపలికి వెళ్లినా సముద్రపు ఒడ్డు మాత్రం తెలుగు మాట్లాడుతుండటానికి కారణం ఇదే. ఒడ్డున ఉన్న రైతులకు సముద్రం అంటే భయం, దాన్ని దాటే విద్య వీళ్ల చేతుల్లో ఉంది.

సరుకు రైలెక్కింది, మనుషులు ఓడెక్కారు

పంతొమ్మిదో శతాబ్దంలో గోపాల్‌పూర్ నుంచి వెళ్లిన సరుకుల పేర్లు చదివితే వెనకున్న నేల కళ్లకు కడుతుంది. మైదానం నుంచి ధాన్యం, అపరాలు, నూనెగింజలు. కొండల నుంచి పసుపు, కరక్కాయలు, కలప. సంతల నుంచి తోళ్లు. ఆస్కాలో తయారైన పంచదార. సముద్రం నుంచి ఎండుచేపలు. మన్యం సరుకు ఎడ్లబండ్ల మీద బరంపురం చేరి, అక్కడి కోమట్ల కొట్ల నుంచి రేవుకు వచ్చేది. ఒడ్డున కంపెనీల గిడ్డంగులు లేచాయి. ఆ రోజుల్లో బరంపురం నుంచి మద్రాసుకు గాని కలకత్తాకు గాని బరువు పంపాలంటే నీటి దారే నయం. నేల మీద ప్రతి నదీ ఒక అడ్డంకి.

1890లలో ఈస్ట్‌కోస్ట్ రైల్వే ఆ అడ్డంకి తీసేసింది. నదుల మీద వంతెనలు పడ్డాయి, శతాబ్దం చివరికి మద్రాసు కలకత్తా ఒకే పట్టాల మీదికి వచ్చాయి. బస్తాను బరంపురం స్టేషన్‌లో వ్యాగనులో వేస్తే తడవకుండా దిగుతుంది. అదే గోపాల్‌పూర్ నుంచయితే బండి దించి, పడవకెత్తి, పడవలోంచి ఓడకెత్తి, ప్రతిచోటా కూలీ ఇచ్చి, తడిసినదానికి నష్టం భరించాలి. వానాకాలంలో ఆ మాత్రం కూడా కుదరదు. దేశంలోపలి సరుకు రేవును వదిలి రైలు దారి పట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

తీరంలో చాలా చిన్న రేవుల కథ ఇక్కడితో ముగిసింది. గోపాల్‌పూర్‌ను మరో నలభై ఏళ్లు నిలబెట్టింది రంగం. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ను రంగం అనే అనేవారు. ‘రంగం పోయాడు’ అంటే ఊళ్లో అందరికీ అర్థమైపోయేది. రైలు కలకత్తాకు వెళ్తుంది గాని బర్మాకు వెళ్లదు. అక్కడ ఇరావతి నది డెల్టాలో అడవులు నరికి లక్షల ఎకరాల్లో వరి వేశారు. రంగూన్ చుట్టూ బియ్యం మిల్లులు లేచాయి. కోత అయ్యాక ధాన్యం ఒక్కసారిగా పట్నం మీద పడేది. మిల్లుల్లో, రేవులో, బండ్ల మీద, పడవల మీద బరువులెత్తే చేతులు వేల సంఖ్యలో కావాల్సి వచ్చేవి. ఇటు గంజాం, విశాఖ జిల్లాల్లో వానను నమ్ముకున్న ఒక్క పంట, జమీందారీ శిస్తు, వడ్డీ అప్పు, మధ్యమధ్య కరువు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు గోపాల్‌పూర్, బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడల దగ్గర ఆగి మనుషులను ఎక్కించుకుని బంగాళాఖాతం దాటించేవి.

మనుషులను కూడగట్టేది మేస్త్రీ. పల్లెలోనే అడ్వాన్సు ఇచ్చేవాడు, టిక్కెట్టు తీసేవాడు, అక్కడ పనిలో పెట్టేవాడు, జీతంలోంచి కోసుకునేవాడు. ఒకసారి వెళ్తే రెండు మూడేళ్లు, కొందరికి అంతకన్నా ఎక్కువ. డెక్కు మీద ఎండకూ వానకూ ప్రయాణం. పోయినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ, ఇళ్లు నడిపిన భారం ఇక్కడి ఆడవాళ్లది. 1931 లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు, రంగూన్ జనాభాలో సగానికి పైగా వాళ్లే. తెలుగువాళ్లందరినీ బర్మావాళ్లు ‘కోరంగీలు’ అన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి ఓడరేవు 1839 తుపానుకు దాదాపు తుడిచిపెట్టుకుపోయినా దాని పేరు మాత్రం అక్కడ ఒక జాతి పేరుగా, తర్వాత్తర్వాత తిట్టుగా మిగిలింది.

డబ్బు వచ్చేది. మనియార్డర్లుగా వచ్చేది, తిరిగొచ్చినవాడి పెట్టెలో వచ్చేది. ఓడ దిగిన కూలీ దగ్గర చిల్లర ఉంటుందని తెలిసినవాళ్లందరూ ఒడ్డున కాచుకునేవారు. పూటకూళ్లవాళ్లు, బండివాళ్లు, బట్టల కొట్లవాళ్లు, అప్పిచ్చినవాళ్లు. స్టీమరు వచ్చిన రోజే ఊరికి సంత.

అదే రైలు మీద దొరలొచ్చారు

రేవు నుంచి సరుకు లాక్కుపోయిన రైలే గోపాల్‌పూర్‌కు సెలవుల జనాన్ని తెచ్చింది. కలకత్తాలో రాత్రి బండెక్కితే మర్నాడు బరంపురంలో దిగవచ్చు. కలకత్తా కంపెనీల యూరోపియన్ మేనేజర్లకు, కుటుంబాలతో కాస్త గాలి మార్చుకోవాలనుకున్న బెంగాలీ భద్రలోకులకు, జమీందార్లకు ఇది అందుబాటులోకి వచ్చింది. ఛత్రపురంలో ఉండే గంజాం కలెక్టరు మొదలు జిల్లా అధికారులకు ఎలాగూ ఇదే దగ్గరి చల్లగాలి. సముద్రపు గాలి ఊపిరితిత్తులకు మంచిదని డాక్టర్లు చీటీ రాసిచ్చే కాలం అది.

కానీ చల్లగాలి కళింగపట్నంలోనూ ఉంది, బారువలోనూ ఉంది. అక్కడ హోటళ్లు లేవలేదు. తేడా ఏమిటంటే గోపాల్‌పూర్‌లో విడిదికి కావాల్సిన సరంజామా అంతా రేవు ముందే సిద్ధం చేసి పెట్టింది. బరంపురం స్టేషన్ నుంచి తీరం దాకా బండ్లు తిరిగే రోడ్డు ఉంది. పోస్టాఫీసు, తంతి, కస్టమ్స్ ఉన్నాయి. స్టీమరు ఏజెంట్లు కట్టుకున్న బంగళాలున్నాయి. దొరల భోజనం వండే వంటవాళ్లు, ఇస్త్రీ చేసే చాకళ్లు, గుర్రబ్బండివాళ్లు ఉన్నారు. కలకత్తా నుంచి వచ్చే ఓడ మీద బిస్కట్ల డబ్బా నుంచి విస్కీ దాకా దిగుమతి అవుతుంది. 1914లో మాలియోని అనే ఇటాలియన్ పెద్దమనిషి ఇక్కడ హోటల్ పెట్టడానికి ధైర్యం చేశాడంటే ఈ ఏర్పాట్లన్నీ చూసే చేసి ఉంటాడు. ఖాళీ ఇసుక మీద ఎవరూ హోటల్ కట్టరు.

స్నానాల పని కూడా రేవు నుంచే వచ్చింది. ఇక్కడి అలలు ఈత వచ్చినవాళ్లనూ లాక్కుపోతాయి. కాబట్టి విడిదికి వచ్చినవాళ్లు ఒక నోలియాను కుదుర్చుకునేవారు. అతను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, అల ముందుకు వచ్చినప్పుడు ‘ముణుగు’ అనో ‘ఎగురు’ అనో చెప్పి, కాలికింద ఇసుక జారుతుంటే గట్టిగా నిలబెట్టేవాడు. మసూలా తెడ్డు దగ్గర నిలబడి అల లెక్క చూసిన కన్నే ఇక్కడా పనిచేసింది. ఉదయం దొరసానిని స్నానం చేయించినవాడు మధ్యాహ్నం ఓడకు బస్తాలు మోసేవాడు, రాత్రి తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. గోపాల్‌పూర్ చరిత్రలో కంపెనీల పేర్లు, హోటళ్ల యజమానుల పేర్లు దొరుకుతాయి. మూడు పనుల్లోనూ ఉన్న ఈ మనిషి పేరు ఎక్కడా దొరకదు.

భీమిలితో పోల్చి చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. డచ్చివాళ్ల కాలం నుంచి వర్తకం ఉన్న ఊరు భీమిలి, 1861లోనే మున్సిపాలిటీ అయింది, పక్కన చిట్టివలస జనపనార మిల్లు ఉంది. గోపాల్‌పూర్ కన్నా చాలా రకాలుగా పెద్దది. అయినా దాని టూరిజం విశాఖ పెరిగి బీచ్ రోడ్డు పడ్డాకే ఊపందుకుంది. మెయిన్ లైను ఊరి పక్కనుంచి పోకపోవడం, కలకత్తాకు మరీ దూరం కావడం అప్పట్లో చిన్న విషయాలేం కావు.

పన్నెండేళ్లలో మూడు దెబ్బలు

మొదటిది 1930 మేలో రంగూన్‌లో. తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల్లో సరుకు ఎత్తి దించే స్టీవెడోర్ కంపెనీలు వాళ్ల బదులు బర్మావాళ్లను పెట్టుకున్నాయి. సమ్మె తేలగానే ఆ కొత్తవాళ్లను పొమ్మన్నాయి. రేవులో మొదలైన కొట్లాట పట్నమంతా పాకి వందమందికి పైగా ప్రాణాలు తీసింది, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. యజమానులు ఆడిన ఆటకు ఇద్దరు పేదవాళ్లు కొట్టుకున్నారు. అప్పటికే ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం, బియ్యం ధర పడిపోయింది. తిరుగు ఓడలు నిండుగా వచ్చాయి.

రెండోది విశాఖ. డాల్ఫిన్స్ నోస్ కొండ అండలో చిత్తడి నేలను తవ్వి కట్టిన లోపలి ఓడరేవు 1933లో తెరుచుకుంది. ఓడ నేరుగా గోడ పక్కన నిలబడుతుంది, రైలు వ్యాగను దాని పక్కకే వస్తుంది. మసూలా పడవతో పనిలేదు. కొత్తగా పెట్టుబడి పెట్టేవాడెవడూ ఇక గోపాల్‌పూర్ వైపు చూడాల్సిన అవసరం లేకపోయింది.

వీటి మధ్యలో, 1936 ఏప్రిల్ 1న గంజాం చాలావరకు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కొత్త ఒరిస్సా రాష్ట్రానికి వెళ్లింది. ఇది వర్తకాన్ని దెబ్బతీసిందని చెప్పలేం గాని తెలుగువాళ్ల జ్ఞాపకాన్ని మాత్రం దెబ్బతీసింది. వి.వి. గిరి పుట్టిన బరంపురాన్నే మనం పక్క రాష్ట్రపు ఊరిగా చూడటం మొదలుపెట్టాం, ఇక గోపాల్‌పూర్ ఎంత! తెలుగు తీరం రేవుల గురించి రాసే వ్యాసాలు చాలావరకు ఇచ్ఛాపురం దగ్గర ఆగిపోతాయి. అదే రంగం ఓడ మాత్రం ఆ గీత దగ్గర ఆగేది కాదు. సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, బర్మా కూడా ఇండియా నుంచి విడిపోయింది.

మూడో దెబ్బ యుద్ధం. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. మార్చి 8కల్లా పట్నం వాళ్ల చేతికి చిక్కింది. నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా వదిలి పారిపోయారు. ఓడ దొరికినవాళ్లు ఓడెక్కారు, దొరకనివాళ్లు అరకాన్ దారిన, అస్సాం కొండల దారిన నడిచారు. దారిలో రాలిపోయినవాళ్లు వేలు. ఏప్రిల్ మొదటివారంలో జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చి సరుకు ఓడలను వరసపెట్టి ముంచింది. 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ఆ తర్వాత గోపాల్‌పూర్ ముందు స్టీమరు నిలబడే రోజులు మళ్లీ రాలేదు. యుద్ధం ముగిసినా, స్వతంత్ర బర్మా తలుపులు మూసుకుంది. వెళ్లడానికి చోటే లేనప్పుడు రేవు తెరిచినా మూసినా ఒకటే.

మిగిలిన సగం

స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో పామ్ బీచ్ హోటల్ ఒబెరాయ్‌ల చేతికి వచ్చింది. చాలాకాలం తర్వాత చేతులు మారి ఇప్పుడు మేఫెయిర్ పేరుతో నడుస్తోంది. దొరలు పోయారు. వాళ్ల బంగళాలు కొన్ని కలకత్తా కుటుంబాలకు, కొన్ని లాడ్జీలకు, కొన్ని ఉప్పుగాలికి మిగిలాయి. గిడ్డంగుల గోడలు ఒక్కొక్కటే కూలాయి.

బెంగాలీ యాత్రికుడు గోపాల్‌పూర్‌ను మర్చిపోలేదు గాని పూరీని వదిలి ఇక్కడికి వచ్చేంత మోజు కూడా పడలేదు. పూరీలో జగన్నాథుడున్నాడు, స్వర్గద్వార్ బజారుంది, ఎండాకాలం వానాకాలం తేడా లేకుండా జనముంటారు. గోపాల్‌పూర్‌కు వచ్చేవాడు సముద్రం కోసమే రావాలి, అది దుర్గాపూజ నుంచి చలికాలం చివరిదాకా ఉండే సీజను. ఇక్కడే రేవుకూ రిసార్టుకూ ఉన్న తేడా బయటపడుతుంది. రేవు బరంపురం కొట్లను, కొండ సంతలను, పల్లెల్లోని ఇళ్లను ఊరితో ముడివేసింది. రిసార్టు డబ్బు హోటల్ కౌంటర్ దగ్గర మొదలై బీచ్ బండ్ల దగ్గర ఆగిపోతుంది. ఒక కూలీ రంగం నుంచి పంపిన డబ్బుతో ఓ పల్లెలో అప్పు తీరేది, పెళ్లి జరిగేది. ఒక టూరిస్టు పెట్టే ఖర్చు ఆ పల్లె దాకా వెళ్లదు.

ఈ లోటు పూడ్చడానికి ప్రభుత్వాలు రకరకాల పనులు చేశాయి. పక్కన సైన్యం వాయు రక్షణ కళాశాల వచ్చింది. ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇండియన్ రేర్ ఎర్త్స్ 1980ల నుంచి ఇసుకలోని ఇల్మనైట్, మోనజైట్ లాంటి ఖనిజాలు తీస్తోంది. 1990ల మధ్యలో టాటా స్టీల్ పెద్ద ఉక్కు కర్మాగారం పెడతామని వచ్చింది. మొగలిపూల తోటలు, ఇళ్లు, పొలాలు ఇచ్చేది లేదని ఊళ్లు తిరగబడ్డాయి. భూమి తీసుకున్నారు, కర్మాగారం రాలేదు. చాలా ఏళ్లకు అక్కడ ఫెర్రోక్రోమ్ ప్లాంటు, పారిశ్రామిక పార్కు వెలిశాయి. భూమి ఇచ్చిన తరానికి మాట ఇచ్చిన ఉద్యోగాలు అందలేదన్నది ఆ ప్రాంతంలో ఇప్పటికీ చల్లారని కోపం.

తిరిగొచ్చిన రేవు

రేవు కూడా తిరిగొచ్చింది. పాత ఊరికి కాస్త ఉత్తరంగా, ఆర్జ్యపల్లి దగ్గర, 1980లలో మంచి వాతావరణంలో మాత్రమే పనిచేసే చిన్న రేవుగా మొదలైంది. 2006లో ప్రైవేటు కంపెనీకి నిర్ణీత కాలం నడుపుకునే ఒప్పందం మీద ఇచ్చి అన్ని కాలాల్లో నడిచే రేవుగా మార్చే పని పెట్టుకున్నారు. అది పూర్తవుతున్న సమయంలోనే 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గంటకు 200 కిలోమీటర్ల గాలితో సరిగ్గా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ముందే లక్షలమందిని ఖాళీ చేయించడంతో ప్రాణాలు చాలావరకు దక్కాయి. 1999 సూపర్ సైక్లోన్‌లో పదివేలమంది దాకా పోయారని గుర్తుచేసుకుంటే ఇది చిన్న విజయం కాదు. కొత్త రేవు కట్టడాలు మాత్రం దెబ్బతిన్నాయి, బీచ్ రోడ్డు, లాడ్జీల కిటికీలు, దుకాణాలు ఎగిరిపోయాయి. రేవు మళ్లీ లేచింది. 2024లో షాపూర్‌జీ పల్లోంజీ గ్రూపు, ఒరిస్సా స్టీవెడోర్స్ నుంచి అదానీ పోర్ట్స్ 95 శాతం వాటా కొన్నది. ఒప్పందం ప్రకారం రేవు మొత్తం విలువ 3,080 కోట్లు. ఏటా 2 కోట్ల టన్నుల సరుకు ఎత్తగల సామర్థ్యం ఉందని లెక్క. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి, ఇల్మనైట్ లాంటివి ఇక్కడి సరుకు.

వందేళ్ల కిందటి రేవుకూ దీనికీ పోలిక పేరొక్కటే. సరుకు కన్వేయర్ మీద పోతుంది, వ్యాగనులో వస్తుంది, క్రేను ఎత్తుతుంది. ఊరి మీదుగా వెళ్లాల్సిన పనే లేదు. పాత రేవుకు ఊళ్లోని ప్రతి చెయ్యీ కావాల్సి వచ్చింది. కొత్త రేవుకు ఊరి నుంచి కావాల్సింది ప్రధానంగా భూమి, కాస్త కాంట్రాక్టు పని.

పైగా ఇది ఇసుకను కదిలిస్తుంది. తూర్పు తీరంలో నైరుతి వానల కాలమంతా అలలు ఒడ్డును ఏటవాలుగా కొడతాయి. ప్రతి అల కొద్దిగా ఇసుకను ఉత్తరానికి నెడుతుంది. అలా ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవు కోసం సముద్రంలోకి రాళ్ల గోడ కడితే ఇసుక దాని దక్షిణాన పోగుపడుతుంది, ఉత్తరాన ఉన్న ఒడ్డుకు రావాల్సిన వాటా రాదు, సముద్రం అక్కడి నేలను కోసుకుంటుంది. మద్రాసు ఓడరేవు కట్టాక రాయపురం వైపు జరిగింది ఇదే, పుదుచ్చేరిలో బీచ్ మాయమైంది ఇందుకే, విశాఖ ఆర్కే బీచ్‌కు డ్రెడ్జర్‌తో ఇసుక పోయాల్సి వస్తున్నదీ ఇందుకే. గోపాల్‌పూర్ టూరిస్టు బీచ్ కొత్త రేవుకు దక్షిణాన ఉంది కాబట్టి ఆ దెబ్బ నేరుగా దాని మీద పడదు. ఉత్తరాన రుషికుల్య ముఖం వైపున్న ఊళ్ల పరిస్థితి వేరు. అక్కడ పాత పోడంపేట అనే జాలరి పల్లెను సముద్రం ఇల్లిల్లుగా తినేసింది, జనం లోపలికి జరిగి కొత్త పోడంపేట కట్టుకున్నారు. కోతకు రేవు ఒక్కటే కారణమా, నదీముఖం మారడం, తుపాన్లు ఎంత అన్నది నిపుణులు వాదించుకోవాల్సిన విషయం. కానీ ఎదురుగా కొత్త గోడలు కడుతున్నప్పుడు ఉత్తరాన ఉన్నవాళ్లను ముందే అడగాలన్నది వాదన అవసరం లేని విషయం.

అదే రుషికుల్య ఇసుక మీద చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. వాటికోసం నవంబర్ 1 నుంచి మే 31 వరకు నదీముఖం దగ్గర, తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా మోటారు పడవల వేటకు నిషేధం ఉంది. దానికి తోడు తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మామూలు వేట నిషేధం. తాబేళ్లను కాపాడాలి, అందులో రెండో మాట లేదు. అయితే టూరిస్టులు వచ్చే నెలల్లో ఎక్కువ భాగం వేట లేని నెలలే. చేపలకు వెళ్లలేని జాలరి కుర్రాడు ఆ నెలల్లో బీచ్‌లో లైఫ్‌గార్డుగా నిలబడాలి, లేదా గాలి నింపిన ట్యూబులు అద్దెకివ్వాలి, లేదా ఊరు వదలాలి.

ఊరు వదలడమే ఎక్కువ. రంగం దారి మూసుకుపోయాక గంజాం పల్లెలు సూరత్ దారి పట్టాయి. మరమగ్గాల షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టులు, ఒకే గదిలో వంతులవారీ నిద్ర. సూరత్‌లో గంజాం మనుషులు లక్షల్లో ఉన్నారు. 2020 లాక్‌డౌన్‌లో వాళ్లు తిరిగి రావడం మొదలయ్యాకే ఆ సంఖ్య ఎంతో ప్రభుత్వానికి కూడా ఒక్కసారిగా కంటికి కనపడింది. సరిహద్దుకు ఇటువైపు శ్రీకాకుళం జాలరులూ అంతే, గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనికి వెళ్తారు. 2018లో అలా వెళ్లినవాళ్లే పాకిస్తాన్ చేతికి చిక్కి 2020 జనవరి దాకా కరాచీ జైల్లో ఉండిపోయారు. అప్పటి మేస్త్రీ ఇప్పుడు కాంట్రాక్టరు అయ్యాడు, అడ్వాన్సు పద్ధతి మాత్రం అలాగే ఉంది. అప్పట్లో రేవుకు వెళ్లి ఎక్కేవారు, ఇప్పుడు బరంపురం స్టేషన్‌లో అహ్మదాబాద్ వైపు వెళ్లే రైలెక్కుతున్నారు.